పీటమీది తోలు పుస్తకం

“ముట్టొద్దు! ఎవురూ దాన్ని ముట్టొద్దు!”

భారతమ్మ రెండు చేతులూ చాచి పూజపీటకు అడ్డంగా నిలబడింది. పీటమీద ఆ ఇంటి బెల్లం మండీ లెక్కల చిట్టాలు, తరాజు, తూకపు రాళ్లు. వాటన్నిటి నెత్తిన ఆ పుస్తకం. పొద్దున పెద్దకోడలు తిరుమలమ్మ దానికి పెట్టిన గంధం బొట్టు ఇంకా పూర్తిగా ఆరలేదు.

తోళ్లమండీ గుమాస్తా ఓబయ్య అప్పటికే చెప్పుల్లో కాళ్లు దూర్చుకొని వీధి మలుపు తిరిగిపోయాడు. మహానవమి గుగ్గిళ్లకు వచ్చినవాడు గుగ్గిళ్లు తిని పోవచ్చు గదా. పీటకు దండం పెట్టి, పుస్తకాన్ని తాకి కళ్లకద్దుకోబోయి, వేలితో ఇంకోసారి రాసి చూశాడు. “అబ్బా, ఏం తోలప్పా ఇది! మేలురకం దూడతోలు. దొరల సీమలో పదును చేసింది” అని మెచ్చుకున్నాడు. అతని మనసులో అది పొగడ్తే. నిజం చెప్పేవాళ్లు లోకంలో ఉన్నారు; అయితే వాళ్లు గుగ్గిళ్లు తినడం అయ్యాకే చెబుతారు.

“సామీ, ఏం సేయాల ఇప్పుడు?” అంది భారతమ్మ.

పురోహితుడు పంచాంగం మూసి మళ్లీ తెరిచాడు. పంచాంగంలో ఈ సంగతి ఉండదని ఆయనకూ తెలుసు.

“నవమినాడు పెట్టింది దశమి పొద్దున ఉద్వాసన అయ్యేదాకా కదిలించకూడదమ్మా. కదిలిస్తే సరస్వతి ఇల్లు వదిలిపోతుంది.”

“కదిలించకుంటే?”

“దూడతోలు కింద అమ్మవారుంటుంది.”

“అంటే?”

“అంటే రెండూ తప్పే.”

స్తంభానికి ఆనుకొని నిలబడిన పెద్దకొడుకు మునిరత్నం శెట్టి నోరు విప్పాడు. “గుళ్లో డోలు దేంతో సేస్తారు సామీ?”

“డోలు దేవుడి ముందర ఉంటుంది శెట్టీ. దేవుడి నెత్తిన ఉండదు.”

“మన చిట్టాల వీపులకు కూడా తోలే గదత్తా వేసినారు?” అంది తిరుమలమ్మ, మొగుడికి సాయంగా.

“అది మేక!” అని కోడలి మీద కసిరింది భారతమ్మ. “మేకకూ గోవుకూ తేడా తెలీనిదానివి బొట్లెట్ల పెట్టినావే?”

పురోహితుడు గొంతు సవరించుకొని తీర్పు చెప్పాడు. రేపు పొద్దున ఉద్వాసన కాగానే ఆ పుస్తకాన్ని పెట్టిన చేతులే తియ్యాలి. తీసినవాళ్లు తలమీద నీళ్లు పోసుకొని పంచగవ్యం పుచ్చుకోవాలి. పెట్టనివాళ్లు తీస్తే దోషం ఇల్లంతా పాకుతుంది.

“పెట్టిన చేతులు ఎవురివో అడగాల్సిన పనేముండాది?” అంటూ భారతమ్మ వంటింటి గడప వైపు తిరిగింది.

ఆ గడపలో పంకజాక్షి నిలబడి ఉంది. భారతమ్మ చిన్నకొడుకు జయరామ్ భార్య. పలమనేరు పిల్ల, మిషను బడిలో చదివింది. చదువులో మొదటొచ్చిందని బడి దొరసాని ఆమెకిచ్చిన బహుమానం ఆ పుస్తకం. రష్యా దేశపు నవల, ఇంగ్లీషులోకి మార్చింది. కాపురానికి వచ్చేటప్పుడు చీరల మధ్య పెట్టి తెచ్చుకుంది. జయరామ్ పటాలంలో గుమాస్తాగా చేరి ఓడెక్కాడు. సింగపూరు జపానువాళ్ల చేతికి పోయినప్పటి నుంచి ఒక్క కార్డుముక్క లేదు.

“సెప్పవేమే? నోట్లో ఏముండాది?”

భారతమ్మ పెద్దకోడలి వైపు తిరిగింది.

“దాని పెట్టె ఇట్లా తీసుకురా. ఇంకేం తోళ్లు దాచిపెట్టిందో సూస్తా.”

తిరుమలమ్మ ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చి వసారాలో తెరిచింది. నాలుగు చీరలు, ఒక దువ్వెన, పసుపుపచ్చ గుడ్డలో కట్టిన ఒక మూట. మూటలో జయరామ్ చొక్కాలు. పుస్తకం కూడా ఆ మూటలోనే ఉండేది.

పంకజాక్షి వంగి మూట ఎత్తుకుంది. ముడి మీదికి చెయ్యి పోయి అక్కడే ఆగిపోయింది.

మునిరత్నం కూడా ఆ ముడినే చూశాడు. బెల్లం దిమ్మెలు కట్టే గోతాం ముడి. ఒక కొస లోపలికి దోపి, మీద అడ్డంగా తిప్పి బిగించింది. లాగితే రాదు, కొస పైకెత్తితే ఇట్టే ఊడుతుంది. మండీలో పెరిగిన చేతులకు తప్ప ఇంకెవరికీ ఆ ముడి పడదు.

ఆమె కొస పైకెత్తింది. ముడి ఊడింది. తలెత్తి ఒక్కసారి స్తంభం వైపు చూసి, చొక్కాలు మళ్లీ సర్ది, ఆడవాళ్లు వేసే మామూలు ముడి వేసింది.

మునిరత్నం ఆమె నోటి వైపే చూస్తూ ఉన్నాడు. నోరు తెరుచుకోలేదు.

“సూసినారా సామీ, ఎంత నెమ్మదో!” అంది భారతమ్మ. “ఈ తోలు ఈ గడప తొక్కినంక గదా నా కొడుకు జాడ లేకుండా పోయినాడు! రేపు పొద్దున నువ్వు పెట్టినదాన్ని నువ్వు తియ్యి. తీసి బావిలో వేసి, మీ అన్నతో పలమనేరు పో. సాయంత్రం బస్సుకే కబురు పంపిస్తా.”

పురోహితుడు లేచి కండువా దులుపుకున్నాడు. తీర్పు చెప్పినవాళ్లు ఎప్పుడూ అమలు జరిగే చోట ఉండరు. అయినా ఉద్వాసన చెయ్యాలి గనుక పొద్దున రాక తప్పదు.

*

జరిగింది ఇంతే. మునిరత్నానికి పదకొండో ఏట నాయన పోయాడు. దినాలు కాగానే పలక గూట్లో పెట్టి మండీ గద్దె మీద కూర్చోబెట్టారు. తమ్ముడు చదవాలి గదా అన్నారు. తమ్ముడు చదివాడు. ఏటేటా నవమినాడు పీటమీద కింద చిట్టాలుండేవి, పైన జయరామ్ పుస్తకాలు ఉండేవి. చిట్టాలు అన్నవి, చదువు తమ్ముడిది. పీట చూస్తే చాలు, ఇంట్లో ఎవరు ఏమిటో తెలిసిపోయేది.

తమ్ముడు వెళ్లాక పీట నెత్తి బోడిగా ఉంటోంది.

ఒకసారి మండీకి వచ్చిన హైస్కూలు అయ్యవారికి జయరామ్ ఈ పుస్తకం చూపించాడు. “ఇట్లాంటివి సీమలో కూడా కొన్నే అచ్చేస్తారు శెట్టీ. బీరువాల్లో పెట్టుకొని మురిసేవాళ్లు ఉన్నారు” అన్నాడు అయ్యవారు. ముదురెరుపు అట్ట, అంచులకు బంగారు పూత. వీపు మీద చెరుకుగడకు ఉన్నట్టు కణుపులు. ఆ మాట మునిరత్నం మనసులో అట్లాగే నిలిచిపోయింది.

ఈ పొద్దు ఆడవాళ్లు శనగలు వార్చే సందట్లో ఉండగా తమ్ముడి గదిలోకి పోయి పెట్టె తెరిచాడు. తాకబోయేముందు బెల్లం అంటిన చేతులు పంచెకు తుడుచుకున్నాడు. తోలని తెలియలేదా అంటే, తెలిసినా తెలియకపోయినా ఆలోచించలేదు. సీమ నుంచి వచ్చిన వస్తువు దేంతో చేశారని ఎవరడుగుతారు? పీట నెత్తిన పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. పీట నిండుగా కనబడింది.

ఎవరు పెట్టారని అప్పుడు ఎవరూ అడగలేదు. తిరుమలమ్మ పంకజాక్షి పెట్టిందనుకుంది. పంకజాక్షి ఏమనుకుందో గంధం గిన్నెకే తెలియాలి.

ఆ మాట ఇప్పుడు చెప్పడమెట్లా? పెట్టినందుకు తల్లి తిట్టే తిట్లకు మునిరత్నం భయపడలేదు. ఎందుకు పెట్టావని అడుగుతుంది.  ఇంగ్లీషు అక్షరం రానివాడు ఇంగ్లీషు పుస్తకం నెత్తిన పెట్టుకోవడం ఎందుకంటే ఏం చెబుతాడు?

*

దీపాలవేళ అయింది గానీ దీపం ఇంకా పెట్టలేదు. యుద్ధం పుణ్యమా అని కిరసనాయిలు చుక్కల లెక్కకు వచ్చింది. మునిరత్నం పెరటి తిన్నె మీద కూర్చున్నాడు. బావిగట్టు దగ్గర తిరుమలమ్మ గిన్నెలు తోముతోంటే, పంకజాక్షి నీళ్లు పోస్తోంది. ఆమె బావతో నేరుగా మాట్లాడదు. బావ కూడా ఆమెతో మాట్లాడడు. ఆ ఇంట్లో మరదలి మాట బావకు చేరాలంటే తిరుమలమ్మ చెవి మీదుగా పోవాలి, ముగ్గురూ ఒకే చోట ఉన్నా సరే.

“తిరుమలా, అడుగు” అన్నాడు. “యాల ఊరికే ఉండిందో.”

“ఏందమ్మే, యాల ఊరికే ఉంటివి? నేను పెట్లేదని అనరాదా?”

“పెట్లేదంటే మరి ఎవరు పెట్టినారని అడుగుతారు గదక్కా” అంది పంకజాక్షి, నీళ్లు పోస్తూనే.

తిరుమలమ్మ చెయ్యి గిన్నెలో ఆగిపోయింది. మొగుడి వైపు చూసింది. మళ్లీ తోమడం మొదలుపెట్టింది, ముందుకంటే గట్టిగా.



“అందులో ఏముండాదో అడుగు” అన్నాడు మునిరత్నం.

“యాడ?”

“ఆ పుస్తకంలో.”

“ఒక పెద్ద ఇల్లుంటుంది అక్కా” అంది పంకజాక్షి. తిరుమలమ్మ అడిగేదాకా ఆగలేదు. “ఇంటినిండా కొట్లాటలే. ఒకరితో ఒకరికి పడదు. మంచు కురిసే ఊరు. ఆ ఇంటి మగపిల్లోడు యుద్ధానికి పోతాడు. వీళ్లేమో ఈడ కుర్చీలకోసరం, పెళ్లిళ్లకోసరం కొట్లాడుకుంటా ఉంటారు.”

“మనిల్లే” అంది తిరుమలమ్మ. “మంచొక్కటి తక్కువ.”

పంకజాక్షి నవ్వింది. ఈ రెండేళ్లలో ఆ నవ్వు మునిరత్నం విన్నది తక్కువ.

“మీ మరిదికి సగందాకా చదివి వినిపించినా. తెలుగులో చెప్తా పొయ్యేదాన్ని. మిగతా సగం వచ్చినాక చదవమన్నాడు.”

“పాపం, అట్లే పెట్టుకోనుండావా?”

“ఎందుకు పెట్టుకుంటా? చదివేసినా. మూడుసార్లు.”

మునిరత్నం తిన్నె అంచు పట్టుకొని ముందుకు వంగాడు. అడగాలనుకున్నది తిరుమలమ్మ మీదుగా పోలేదు. గాలిలోకి వదిలేశాడు.

“ఆ పిల్లోడు వస్తాడా మరి, యుద్ధం నుంచి?”

నీళ్లు పోసే చెంబు ఆగింది. ఆమె తిరుమలమ్మ వైపే చూస్తూ నెమ్మదిగా అంది: “అది చెప్పేస్తే కథేముంటుంది? బావగారిని చదువుకోమను అక్కా.”

వెక్కిరింపు కాదది. వినేవాడికి ఎట్లా తగిలితే అట్లా ఉంటుంది మాట. మునిరత్నం లేచి, చెవులదాకా ఎక్కిన వేడితో లోపలికి పోయాడు.

పడుకొని లెక్క వేసుకున్నాడు. పలమనేరు ఏమన్నా పరాయిదేశమా? అన్న గోవిందుకు పాడి ఉంది, పెద్దిల్లు ఉంది. చల్లటి ఊరు. ఈడ ఉంటే తల్లి నోట్లో నలగడమే గదా. పోతే పోనీ. చదువుకున్నోళ్లు యాడైనా బతుకుతారు.

తప్పు చేసినవాడు తనకు తాను చెప్పుకునే మాటలు ఎప్పుడూ ఎదుటివాళ్ల మేలుకోసమే ఉంటాయి.

*

దశమి పొద్దున గోవిందు పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే తొలి బస్సు దిగి, జట్కాను వాకిట్లోనే నిలబెట్టి లోపలికి వచ్చాడు. ముఖం నిండా బస్సు మసి. “ఏమత్తా, ఏం జరిగింది?” అన్నాడు. భారతమ్మ కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

మండీ ముందు బళ్లు వచ్చి నిలబడ్డాయని అప్పటికే రెండుసార్లు కబురు వచ్చింది. దశమి తొలి తూకం ఆ ఇంటి తరాజుతోనే వెయ్యాలి. తరాజు చిట్టాల కింద ఉంది. చిట్టాలు పుస్తకం కింద ఉన్నాయి.

పురోహితుడు అక్షతలు వేసి, మంత్రం చెప్పి, పీట అంచు పట్టుకొని ఉత్తరానికి రవ్వంత జరిపాడు. “ఉద్వాసన అయింది. ఇంక పెట్టినవాళ్లు తియ్యవచ్చు” అని పీట మీదనుంచి చూపు తిప్పేసుకున్నాడు.

“పంకజం! రా. తియ్యి” అంది భారతమ్మ.

తలంటుకున్న జుట్టు ముడివేసుకొని పంకజాక్షి లోపలి నుంచి వచ్చింది. కాలి మెట్టెలు రాతిబండల మీద టక్కుటక్కుమన్నాయి. భారతమ్మ తల అటు తిప్పి, వెంటనే గోడ వైపు తిప్పుకుంది.

“పోయేముందర ఒక మాటత్తా” అంది పంకజాక్షి. “బావిలో వెయ్యను. నాతో తీసుకోని పోతాను.”

“ఏమన్నా సేసుకో. ఈ ఇంట్లో ఉండకూడదు. అదీ, నువ్వూ.”

“ఏమ్మా, నువ్వేనా పెట్టింది?” అన్నాడు గోవిందు, నమ్మలేనట్టు.

ఆమె పీట ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చెయ్యి చాచబోయి, ఆగి, అరచెయ్యి కొంగుకు తుడుచుకుంది.

మునిరత్నం అది చూశాడు.

పుస్తకం తగిలితే చెయ్యి మైలపడుతుందని ఆ గదిలో అందరూ అనుకుంటున్నారు. చెయ్యి తగిలితే పుస్తకం ఎక్కడ మాసిపోతుందోనని ఆమె తుడుచుకుంటోంది. నిన్న పొద్దున అట్లాగే తుడుచుకున్న చేతులు ఆ ఇంట్లో ఇంకో జత ఉన్నాయి.

ఎట్లా వచ్చాడో, స్తంభం దగ్గరినుంచి రెండంగల్లో పీట దగ్గరికి వచ్చి పుస్తకం ఎత్తేశాడు. గంధం పొడి రాలి చిట్టాల మీద పడింది.

“నేను పెట్టినా” అన్నాడు.

అనుకున్నంత గోల కాలేదు. తిరుమలమ్మ కళ్లు మూసుకుంది. పురోహితుడు చిన్నగా దగ్గాడు. గోవిందు ఒకసారి చెల్లెలి ముఖం, ఒకసారి బావ ముఖం చూశాడు.

భారతమ్మ మాత్రం కదల్లేదు. “ఆడ పెట్టు దాన్ని” అంది.

“నేను పెట్టినానంటాండానే!”

“వినపడింది లేరా. నిన్ననే తెలుసు నాకు. నలభై ఏండ్లు మండీ ఇంట్లో బతికినా. ఆ మూటకు వేసిన ముడి నాకు తెల్దనుకుంటివా?”



“తెలిసీ ఈ పిల్లను…”

“తెలిసే.” భారతమ్మ గొంతు తగ్గింది. తిట్టేటప్పుడు ఎప్పుడూ తగ్గని గొంతు. “ఆ మెట్టెల సప్పుడు ఇనపడితే, ఎనకాల వాడు వస్తాండాడేమోనని తల తిప్పుతా. రోజూ తిప్పుతా. పొద్దున, మధ్యాన్నం, దీపాలేళ. రెండేండ్లయిపాయ. ఇంక నాకు శాతకాదురా. ఆ పిల్లను పంపించేదానికి నాకొక సాకు కావాల. అమ్మవారే ఇచ్చింది. పెట్టు ఆడ. దాన్ని తీసుకోని ఆ పిల్ల పోతాది.”

 వాకిట్లో జట్కా గుర్రం డెక్కతో రాయిని గీరింది.

పంకజాక్షి లేచి నిలబడింది. తిరుమలమ్మ వైపు చూడలేదు. ఆ ఇంట్లో అడుగుపెట్టినాక మొదటిసారిగా, అందరి ముందరా, బావ ముఖంలోకి చూసి మాట్లాడింది.

“ఇటివ్వండి బావగారూ. అత్తయ్య చెప్పింది అబద్ధం కాదు. నేనే పోతాను. అది మాత్రం నాకియ్యండి.”

చేతులు చాచింది.

మునిరత్నం చేతుల్లో పుస్తకం బరువుగా ఉంది. రోజంతా తూకం వేసే చేతులకు కూడా ఇంత ఉంటుందని తెలియలేదు. వేళ్ల కింద చెరుకు కణుపులు తగులుతున్నాయి. కింద పెడితే ఈ పిల్ల తీసుకొని పోతుంది. చేతికిస్తే ఈ పిల్ల తీసుకొని పోతుంది. తల్లి చెప్పినా, మరదలు అడిగినా దారి ఒక్కటే, పలమనేరుకే.

“ఇవ్వను” అన్నాడు.

“ఏమన్నావురా?” అంది భారతమ్మ.

“ఇవ్వనన్నా. ఇంట్లో ఉండకూడదంటివి. ఉండదు. మండీలో ఉంటాది, గద్దె మీద, నా పక్కన. నువ్వు మండీ గడప తొక్కవు గదా. అడ్డమేముండాది?”

“బావా, జట్కా…” అని గోవిందు అడ్డం రాబోయాడు.

“జట్కాను పంపించెయ్ గోవిందు. ఆ పుస్తకం లేకుండా మీ చెల్లెలు యాడికీ పోదు” అని, పుస్తకాన్ని చంకలో పెట్టుకొని, తరాజు అక్కడే వదిలేసి, మునిరత్నం గడప దాటాడు.

వీధిలో ఎండ అప్పుడే ఎక్కుతోంది. మండీ ముందు బళ్లు కనబడుతున్నాయి. తరాజు లేకుండా తొలి తూకానికి వచ్చే శెట్టిని చూసి బండివాళ్లు ఏమనుకుంటారో ఇంకా తట్టలేదు. చంకలో తోలు వెచ్చబడుతోంది.

నాలుగిళ్లు దాటాడో లేదో, వెనక రాళ్లమీద మెట్టెల చప్పుడు వినబడింది.

ఆ ఇంటి కోడలు మండీ వీధిలోకి నడిచి రావడం చిత్తూరు బజారు అంతవరకూ ఎరగదు. పుస్తకం లాక్కోవడానికి వస్తోందా, మండీదాకా వస్తోందా, అడగడానికి మధ్యలో తిరుమలమ్మ లేదు. మునిరత్నం తల తిప్పలేదు. అడుగు మాత్రం తగ్గించాడు.

ఇంట్లోంచి భారతమ్మ కేక వినబడింది. పిలిచింది మునిరత్నాన్ని కాదు. పంకజాక్షినీ కాదు.

దూరమవుతున్న మెట్టెల చప్పుడు వెనకే, “జయరామా!” అని ఆ రాని కొడుకును పిలిచింది.

మెట్టెల చప్పుడు ఆగిపోయింది.